గోధుమ లైన్లలో తుప్పు తెగులు పరీక్ష: మచ్చ కనపడలేదంటే తట్టుకున్నట్టేనా?

రేగడి_చేను
జహీరాబాద్ దగ్గర నల్లరేగడి, బోరు నీళ్లు ఉన్నాయి. 40 లైన్లు (ఇంకా రకంగా విడుదల కాని ఎంపికలు) వేశాం: 34 చపాతీ గోధుమ, 6 ఖప్లీ (పొట్టు వదలని పాత గోధుమ). నవంబరు రెండో వారంలో విత్తనం, లైనుకు మీటరు సాలు ఒకటి. ఫిబ్రవరి మొదటి వారంలో చూస్తే 31 లైన్ల మీద ఒక్క పొక్కు లేదు. 9 లైన్ల మీద ఆకు తుప్పు 5 నుంచి 20 శాతం దాకా ఉంది. చెక్‌గా వేసిన లోక్-1 రకం (పోల్చి చూడ్డానికి) మీద 10ఎస్, అంటే 10 శాతం, లొంగిన తరహా పొక్కు. కాండం తుప్పు ఎక్కడా లేదు. ఈ 31నీ "నిరోధకం" అని రాసుకుని వచ్చే ఏడు దిగుబడి పరీక్షకు తీసుకోవచ్చా?

పోటాకు
తీసుకోవద్దండీ. ముందు లోక్-1 అంకె చూడండి. తెగులుకు లొంగే రకం మీదే 10 దాటలేదంటే మీ చేలోకి తెగులు సరిగ్గా రాలేదని అర్థం. ఆ 31లో నిజంగా తట్టుకున్నవి ఎన్నో, పరీక్షే జరగనివి ఎన్నో ఈ లెక్క చెప్పదు. చెక్ మీద 80ఎస్ పైన పడి పోటాకు (వెన్ను కింది చివరి ఆకు) ఎండిపోయే స్థితి వస్తేనే పక్క సాలులోని సున్నాకు విలువ. చెక్ మీద తెగులు తగినంత ఎక్కకపోతే ఆ ఏడాది చదివిన అంకెలు పక్కన పెట్టేస్తారు.

మీ దగ్గర పనికొచ్చే సమాచారం ఆ 9 లైన్లదే. తక్కువ తెగులులోనే 20 ఎక్కిన లైను, తెగులు ముదిరితే ఏమవుతుందో ఊహించొచ్చు.

కొండగాలి
సహజంగా వచ్చే తెగులు మీద ఆధారపడితే దక్కనులో ఇదే ఇబ్బంది. ఎండాకాలం మన మైదానంలో గోధుమ ఉండదు, తుప్పు బూజు బతకాలంటే పచ్చి మొక్క కావాలి. ఐరోపాలో, అమెరికాలో కాండం తుప్పుకు బార్బెర్రీ పొద రెండో ఇల్లు. మన దేశంలో ఆ పొద పాత్ర లేదని, బూజు కొండ ప్రాంతాల్లోనే వేసవి గడిపి అక్కడి నుంచి మైదానాలకు దిగుతుందని కరమ్‌చంద్ మెహతా ఆగ్రాలో ఏళ్ల తరబడి పనిచేసి తేల్చారు. కాండం తుప్పుకు నీలగిరులు, పళని కొండలు పుట్టిల్లు. ఆకు తుప్పు హిమాలయాల నుంచీ, దక్షిణ కొండల నుంచీ కూడా వస్తుంది. నవంబరులో బంగాళాఖాతం వాయుగుండాలు ఏ దారిన నడిచాయి, ఆ గాలి ఎక్కడ వానగా కురిసింది అన్నదాన్ని బట్టి సిద్ధబీజాలు (తుప్పు పొడిలోని బీజాలు) మన దాకా వస్తాయో రావో తేలుతుంది. ఒక ఏడు ఎర్రగా కుంకుమ చల్లినట్టుంటుంది, మరో ఏడు వెతికినా దొరకదు.

పసుపు తుప్పును మాత్రం జహీరాబాద్‌లో పరీక్షించాలని చూడకండి. దానికి 10-15 డిగ్రీల చల్లదనం కావాలి, మన మైదానం ఎండకు నిలవదు.

రేగడి_చేను
అంటే తెగులును మనమే తెచ్చిపెట్టాలి. నర్సరీ (తుప్పు పరీక్ష ప్లాటు) ఎలా వేయాలో కొలతలతో చెప్తరా?

పోటాకు
లైనుకు ఒక్క సాలు చాలదు. మీటరు సాళ్లు రెండు, మధ్య 20-22 సెం.మీ., రెండు రెప్లికేషన్లు (అన్ని లైన్లనూ వేరు చోట మరోసారి వేయడం). మీటరు సాలుకు రెండున్నర గ్రాములు వేస్తే సుమారు 60 గింజలు పడతాయి, అంతకన్నా ఒత్తుగా వద్దు. ప్రతి 20 లైన్ల తర్వాత ఒక సాలు లొంగే చెక్. ఇక ఇన్ఫెక్టర్ సాళ్లు (తెగులు ఎక్కించి పక్కకు పాకించే సాళ్లు): ప్లాటు చుట్టూ రెండు వరుసలు, లోపల లైన్ల సాళ్ల కొసలకు అడ్డంగా ఒక వరుస. అప్పుడు ప్రతి లైనుకూ తెగులు మొక్క ఒక మీటరు లోపే ఉంటుంది. ఆగ్రా లోకల్, లాల్ బహదూర్ లాంటి పాత లొంగే రకాలు నాలుగైదు కలిపి వేయండి. ఒకటే రకం వేస్తే ఆ రకాన్ని తినగల రేసే (తుప్పు బూజులో ఒక తెగ) పెరుగుతుంది, మిగతావి వెనకబడతాయి.

ఇన్ఫెక్టర్ సాళ్లను లైన్ల కన్నా 10-12 రోజులు ముందు విత్తండి. వాటికి యూరియా కాస్త ఎక్కువే పడనివ్వండి, లేత పచ్చటి ఆకు మీద తుప్పు బాగా పెరుగుతుంది. విత్తనశుద్ధి విషయంలో జాగ్రత్త. దైహిక (మొక్కంతా పాకే) మందు పట్టించిన విత్తనం కొన్ని వారాలు తుప్పును కూడా ఆపుతుంది. కొన్ని లైన్లకు పట్టించి కొన్నింటికి పట్టించకపోతే ఆ తేడాను మీరు జన్యువుల తేడా అనుకుంటారు.

కాండం తుప్పుకు ఇదే నర్సరీని డిసెంబరు రెండో వారంలో ఇంకోసారి విత్తండి. దానికి 20 దాటిన వేడి ఇష్టం, ఆలస్యంగా విత్తిన పైరు మీదే అది తన ప్రతాపం చూపిస్తుంది.

కుంకుమపొడి
తెగులు ఎక్కించే పని నేను చెప్తాను, ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే.

పొక్కులు బాగా పగిలిన ఆకును అల్యూమినియం రేకు మీద వంచి వేలితో తట్టండి, పొడి రాలుతుంది. పొద్దున మంచు ఆరాక, 10-11 గంటల మధ్య తట్టాలి. తడి మీద తీస్తే ముద్దకట్టి బూజు పడుతుంది. ఆ పొడిని సన్నటి జల్లెడ పట్టి అదే రోజు వాడితే మేలు. దాచాలంటే సిలికా జెల్ మీద ఆరబెట్టి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, కొన్ని వారాలు ఉంటుంది. మైనస్ 80 డిగ్రీల్లో దాచిన పొడిని నేరుగా నీళ్లలో కలిపితే మొలకెత్తదు, అది నిద్రలో ఉంటుంది. 42 డిగ్రీల నీళ్లలో గొట్టాన్ని 5 నిమిషాలు ముంచి లేపాలి, తర్వాత కొన్ని గంటలు తేమ గాలి తగలనివ్వాలి.

చల్లే ముందు మొలక చూసుకోండి. గాజు పలక మీద ఒక శాతం అగర్, దాని మీద చిటికెడు పొడి ఊది, చీకట్లో 18-20 డిగ్రీల దగ్గర 4-6 గంటలు ఉంచి సూక్ష్మదర్శినిలో చూడండి. బీజం వెడల్పు కన్నా పొడుగు మొలక వస్తే లెక్కలోకి. మూడో వంతు కూడా మొలవకపోతే ఆ పొడి పారబోయండి, ఒక సాయంత్రం కూలి మిగులుతుంది.

రేగడి_చేను
మొన్న ఒక పిడికెడు ఆకులు తట్టి బకెట్ నీళ్లలో కలిపి చూసినం. పొడి అంతా పైన తేలింది, స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోయింది.

కుంకుమపొడి
ఆ బీజానికి నీరు అంటదు, ఉట్టి నీళ్లలో తేలక ఏం చేస్తుంది! లీటరుకు ట్వీన్-20 (నీరు అంటేలా చేసే సబ్బు లాంటి ద్రవం) రెండు మూడు చుక్కలు వేయండి. ముందు పొడిని ఆ నీళ్లు నాలుగు చుక్కలతో మెంతిపిండిలా ముద్ద చేసి, ఆ తర్వాత మిగతా నీళ్లు పోస్తూ కలపండి. పలచటి గుడ్డలో వడకట్టండి. నీళ్లు లేత కుంకుమ రంగులో ఉంటే చాలు.

చిక్కగా కలిపితే ఇంకా బాగా పడుతుందనుకోవద్దు. ఈ బీజాల్లోనే మొలకను ఆపే పదార్థం ఉంటుంది, గుంపుగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. చిక్కటి ద్రావణం చల్లి తెగులు రాలేదని తలపట్టుకునేవాళ్లు ఇందుకే దెబ్బతింటారు. కలిపిన నీళ్లు గంటలోపు అయిపోవాలి, రేపటికి దాచేది కాదు.

నూనెచుక్క
నీళ్లు కాకుండా తేలికపాటి ఖనిజ నూనె వాడొచ్చు కదా? ప్రపంచమంతా గ్రీన్‌హౌసుల్లో సోల్ట్రాల్ లాంటి నూనెలోనే చల్లుతున్నారు. బీజం నూనెలో సమంగా కలుస్తుంది, ఆ నూనె త్వరగా ఆరిపోతుంది.

కుంకుమపొడి
గ్రీన్‌హౌస్‌లో నూనెకు మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ వ్యవసాయ దుకాణంలో దొరికే పంట నూనె తెచ్చి కలిపితే ఆకులు మాడతాయి, ఆ మాడిన మచ్చను తర్వాత తట్టుకున్న గుర్తుగా చదువుతారు. చేలో పొడి టాల్క్ నయం. ఒక పాలు బీజం, ఇరవై పాళ్లు టాల్క్, పలచటి గుడ్డ మూటలో కట్టి మంచు పడ్డ ఇన్ఫెక్టర్ సాళ్ల మీద విదిలించడమే.

ఏది వాడినా వేళ ముఖ్యం. ఆ రోజు మధ్యాహ్నం తడి ఇచ్చి, పొద్దుగూకాక చల్లి, ఇన్ఫెక్టర్ సాళ్ల మీద పాలిథిన్ పట్టా కప్పండి. ఆకు తుప్పుకు 6-8 గంటల తడి, 18-20 డిగ్రీలు ఉంటే సరిపోతుంది, వెలుతురుతో పని లేదు. కాండం తుప్పు దారి వేరు. చీకట్లో మొలుస్తుంది గానీ ఆకులోకి దిగాలంటే, తడి ఆరకముందే వెలుతురు కావాలి. అందుకని దాని మీది పట్టాను తెల్లవారుజామునే లాగెయ్యొద్దు, ఎండ వచ్చాక ఒక గంట ఉంచి తీయండి. అంతకు మించి ఉంచితే లోపల మొక్క ఉడుకుతుంది.

ఇన్ఫెక్టర్ సాళ్లలో పొట్ట దశకు వచ్చిన పిలకలకు ఇంజెక్షన్ కూడా ఇవ్వొచ్చు. సిరంజితో పోటాకు తొడుగు దగ్గర పొట్టలోకి ద్రావణం వదిలితే పైన మడతలోంచి ఒక చుక్క బయటికి రావాలి, అంత చాలు. అడుగుకు ఒకటి రెండు పిలకలకు చేస్తే, మంచు లేని ఏడు కూడా తెగులు లేస్తుంది. మొత్తం పనిని వారం తేడాతో మూడుసార్లు చేయండి. ఒక్కసారితో సరిపెట్టుకుంటే ఆ రాత్రి పొడిగాలి వీచిందనుకోండి, సీజనంతా పోయినట్టే.

కొండగాలి
ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పొడి ఎక్కడి నుంచి తెస్తున్నారు? మీ చుట్టుపక్కల చేలలో దొరికిన తుప్పునే వాడండి. నీలగిరుల నుంచో ఉత్తరాది నుంచో ఆకులు కవర్లో పెట్టి తెప్పించుకునే పని ఎవరూ చేయకండి. మీ జిల్లాలో లేని పాథోటైపు (రేసు లాంటిదే, ఏ గోధుమలను తినగలదో బట్టి వేరు చేసిన తెగ) ఒకటి దిగితే, మీ 40 లైన్ల పరీక్ష కోసం పక్క రైతు పంట పోతుంది.

పేరు తెలిసిన పాథోటైపులతో పరీక్ష కావాలంటే దానికి పద్ధతి ఉంది. సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ కేంద్రంలో దేశంలోని తుప్పు పాథోటైపులను వేరువేరుగా పెంచుతూ, అఖిల భారత సమన్వయ ప్రాజెక్టు ద్వారా వచ్చే లైన్లను నారు దశలో పరీక్షిస్తారు. అంతకంటే ముందు, లైన్లను నీలగిరుల్లోని వెల్లింగ్టన్ లాంటి చోట వేయిస్తే ఆకు, కాండం తుప్పులు రెండూ ఏటా వాటంతట అవే వస్తాయి.

రేగడి_చేను
పాథోటైపుల పేర్లు చదివితే బుర్ర తిరుగుతోంది. 77-5, 121ఆర్63-1 అని రెండు పేర్లు ఎందుకు?

కొండగాలి
రెండూ ఒకటే. మొదటిది పాత వాడుక పేరు, రెండోది లెక్క పేరు. తెలిసిన జన్యువులున్న గోధుమలను వరుసగా పెట్టి ఏది లొంగింది, ఏది లొంగలేదు అని చూసి, లొంగినవాటికి 1, 2, 4, 8 ఇలా రెట్టింపు అంకెలిచ్చి కూడతారు. మధ్య అక్షరం ఏ తుప్పో చెబుతుంది: ఆర్ అంటే ఆకు తుప్పు, జి కాండం, ఎస్ పసుపు. కాండం తుప్పులో 40ఎ అనేదే 62జి29. మీ నర్సరీలో ఉన్నది ఏ పాథోటైపో తెలియకుండా "నిరోధకం" అనే మాటకు హద్దు గీయలేం.

పోటాకు
చదవడం గురించి. ఎకాయెకి శాతం వేసేయకండి. మోడిఫైడ్ కాబ్ స్కేలు బొమ్మను (పీటర్సన్, తోటివాళ్లు 1948లో వేసింది) పెద్దగా అచ్చు వేయించి చేలోకి తీసుకెళ్లండి. అందులో 100 అంటే ఆకంతా పొక్కులు అని కాదు, ఆకు విస్తీర్ణంలో 37 శాతం పొక్కులు కప్పితే 100. ఇది తెలియనివాళ్లు నిండా ఎర్రబడిన ఆకుకు కూడా 40 వేసి కూర్చుంటారు.

శాతం పక్కన అక్షరం. పొక్కు చిన్నది, చుట్టూ కణజాలం చచ్చి ఎండిన వలయం ఉంటే ఎంఆర్ (ఓ మాదిరిగా తట్టుకున్నది). నడిమి సైజు పొక్కు, చచ్చిన వలయం లేదు, చుట్టూ పాలిపోయిన పసుపు ఉంటే ఎంఎస్ (ఓ మాదిరిగా లొంగినది). పెద్దది, పగిలింది, చుట్టూ ఏమీ లేదంటే ఎస్ (లొంగినది). చుక్కలు మాత్రమే, పొక్కు దాదాపు లేకపోతే ఆర్ (తట్టుకున్నది). ఆకు తుప్పును వెన్ను వచ్చినప్పటి నుంచి పాల దశ దాకా పోటాకు మీద, కాండం తుప్పును పిండి గట్టిపడే దశలో వెన్ను కింది కాడ మీద చదవండి.

అనుమానం వస్తే వేలితో రుద్దండి. తుప్పయితే వేలికి కుంకుమ అంటుతుంది, ఆకుమచ్చ తెగులు అంటదు. ఆకు తుప్పు పొక్కు గుండ్రంగా, నారింజ మెరుపుతో ఆకు పైవైపు చెదురుగా ఉంటుంది. కాండం తుప్పుది పొడుగు పొక్కు, ఇటుక రంగు. అంచున చిరిగిన పొర గోటికి తగులుతుంది, ఆకు రెండు వైపులా కనిపిస్తుంది.

ముందే పండే లైన్లతో జాగ్రత్త. తెగులు లేచేసరికి వాటి ఆకు ఎండిపోతుంది, వాటి సున్నా తప్పించుకున్న సున్నా. వెన్ను వచ్చిన తేదీ ప్రతి లైనుకూ రాయండి.

లెక్కలపుస్తకం
అంకెలు ఒకే చోటికి తేవాలంటే ఇన్ఫెక్షన్ గుణకం: శాతం ఇంటూ అక్షరం విలువ. ఆర్‌కు 0.2, ఎంఆర్‌కు 0.4, ఎంఎస్‌కు 0.8, ఎస్‌కు 1. నాలుగు చోట్ల ఒక లైనుకు 0, 10ఎంఆర్, 20ఎంఎస్, 40ఎస్ వచ్చాయనుకుందాం. 0, 4, 16, 40 కలిపి 60, సగటు 15. దేశవ్యాప్త నర్సరీల్లో 10 లోపు సగటును మంచిదిగా చూస్తారు. కానీ సగటు ఒక్కటే రాయొద్దు, పక్కనే అత్యధిక స్కోరు 40ఎస్ అని రాయండి. మూడు చోట్ల మంచిగా ఉండి ఒక చోట కూలిందంటే అక్కడ వేరే రేసు ఉందేమో చూడాలి, సగటు దాన్ని మింగేస్తుంది.

పది రోజుల తేడాతో మూడుసార్లు చదివితే ఇంకో లెక్క వేయొచ్చు. ఒక లైను 5, 20, 40. మరో లైను 30, 40, 40. చివరి స్కోరు రెండింటికీ 40. వక్రరేఖ కింది విస్తీర్ణం మొదటిదానికి 12.5×10, 30×10 కలిపి 425. రెండోదానికి 350, 400 కలిపి 750. చెక్ 20, 70, 100 అయితే 1300. మొదటి లైను చెక్‌లో మూడో వంతు. తెగులు పాకే వేగం తెలిసేది ఇక్కడే.

రేగడి_చేను
ఒకటి అడుగుతా. 30ఎంఎస్ వచ్చిన లైన్లను తీసెయ్యాలె కదా?

పోటాకు
అక్కడే చేతిలోకి వచ్చిన మంచి లైన్లు పోతుంటాయి. తీసెయ్యకండి. చెక్ 90ఎస్ ఉన్నచోట 30ఎంఎస్ నిలిచిందంటే అది మెల్లగా తుప్పు పట్టే రకం కావచ్చు. ఒక పెద్ద జన్యువుతో పూర్తిగా సున్నా చూపే లైను ఒక కొత్త రేసు వస్తే ఒక్క సీజన్లో కూలుతుంది. ఉత్తరాదిలో పీబీడబ్ల్యూ 343 అలాగే పోయింది. 1995లో విడుదలై లక్షల ఎకరాలకు పాకింది, దానిలోని వైఆర్27 జన్యువును దాటే పసుపు తుప్పు రేసు రాగానే వెనక్కి తగ్గింది.

ఎల్ఆర్34, ఎల్ఆర్46, ఎల్ఆర్67 లాంటి జన్యువులు (ఎల్ఆర్ అంటే ఆకు తుప్పువి, ఎస్ఆర్ కాండం, వైఆర్ పసుపు) ఎదిగిన మొక్కలోనే పనిచేస్తాయి, తెగులును ఆపవు, నెమ్మదింపజేస్తాయి. రెండు మూడు కలిస్తే బలం. ఎల్ఆర్34 ఉంటే పోటాకు కొన ఎండినట్టు కనిపిస్తుంది. పొటాష్ లోపమని, నీటి ఎద్దడి అని పొరబడతారు. ఎద్దడైతే సాలంతా ఉంటుంది, పోటాకు కొనలకే పరిమితం కాదు. ల్యాబ్ అందుబాటులో ఉంటే సీఎస్ఎల్‌వీ34 మార్కరు (ఎల్ఆర్34ను గుర్తుపట్టే డీఎన్ఏ పరీక్ష) చూపించండి: 150 బేస్ జతల పట్టీ వస్తే జన్యువు ఉన్నట్టు, 229 వస్తే లేనట్టు. కాండం తుప్పుకు ఎస్ఆర్2 ఉన్న లైన్ల వెన్ను పొట్టు మీద, కాడ కణుపుల దగ్గర నల్లటి మరకలు వస్తాయి. దాన్ని బాక్టీరియా తెగులని లైనును పారేస్తారు, చూసుకోండి.

కుంకుమపొడి
దీనికి జతగా: నారు పరీక్ష ఒక్కటే చేసి లైన్లు తీసేస్తే ఈ జన్యువులన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. నారు పరీక్షకు వారం వయసు మొక్క, మొదటి ఆకు పూర్తిగా విచ్చాలి. తడి వేళ్లతో ఆకును మెల్లగా నిమిరి మైనం పోగొట్టి చల్లాలి. 12-14 రోజులకు అమెరికా శాస్త్రవేత్త స్టాక్‌మన్ పద్ధతిలో 0 నుంచి 4 వరకు చదవాలి. 0, 1, 2 తట్టుకున్నవి. 3, 4 లొంగినవి. ఒకే ఆకు మీద అన్నీ కలగలిపి ఉంటే ఎక్స్. గది వేడి కూడా రాయండి. ఎస్ఆర్6 ఉన్న మొక్క 20 డిగ్రీల దగ్గర తట్టుకుంటుంది, 25 దాటితే లొంగిపోతుంది. ఏసీ ఆగిపోయిన రాత్రి మీ ఫలితం మారిపోతుంది.

నారులో 3, 4 వచ్చి, చేలో ఎదిగాక 20-30 దగ్గర ఆగిన లైన్లు మీకు అసలు సరుకు.

ఖప్లీ_బువ్వ
ఆ ఆరు ఖప్లీ లైన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. వాటిని లోక్-1తో పోల్చి సంబరపడొద్దు. ఖప్లీ వేరే జాతి, ఎస్ఆర్13, ఎస్ఆర్14 లాంటివి దాని నుంచే రొట్టె గోధుమలోకి తెచ్చారు. స్టాక్‌మన్ అమెరికాలో కాండం తుప్పు రేసులను వేరు చేయడానికి పెట్టుకున్న 12 గోధుమల్లో ఖప్లీ ఒకటి, మన దక్కను గోధుమే! దాని సున్నా సహజం. దానికి చెక్‌గా లొంగే డ్యూరమ్ (రవ్వ గోధుమ) ఒక సాలు పెట్టండి.

కొండగాలి
ఇక ఉగాండాలో 1998లో కనపడ్డ ఉగ్99 మాట ఎవరో అడగకముందే: అది ఎస్ఆర్31ను దాటిన రేసు, ఇరాన్ దాకా వచ్చింది, మన దేశంలో ఇప్పటిదాకా నమోదు కాలేదు. దాని మీద పరీక్ష కెన్యాలోని న్జోరోలో జరుగుతుంది, భారతీయ లైన్లూ అక్కడికి వెళ్తాయి. జహీరాబాద్‌లో కాండం తుప్పుకు సున్నా వచ్చిన లైను న్జోరోలో 80ఎస్ కావడం వింతేమీ కాదు.

రేగడి_చేను
సరే. 31లో ఒక్కటీ పేరు పెట్టను. 40నీ మళ్లీ వేస్తా: రెండు సాళ్లు, రెండు రెప్లికేషన్లు, నవంబరు ఒకసారి, డిసెంబరు ఒకసారి. ఇన్ఫెక్టర్ సాళ్లు దసరా తర్వాత, అక్టోబరు చివర్లో. ఖప్లీకి డ్యూరమ్ చెక్. చివరి ప్రశ్న: పక్క చేను రైతు తుప్పు కనపడగానే ప్రోపికోనజోల్ (తుప్పు మందు) కొడతడు, మా ప్లాటుకు పది మీటర్లే.

పోటాకు
అయితే ఆ వైపు ఇన్ఫెక్టర్ సాళ్లు నాలుగు వేయండి, లైన్లను ఇవతలికి జరపండి. ఆయన ఎప్పుడు కొడతారో ముందే మాట్లాడుకుని, గాలి మీ వైపు లేని పొద్దున్నే కొట్టమనండి. ఆ అంచున ఒక చెక్ సాలు, ఇటు అంచున ఒక చెక్ సాలు పెట్టండి. రెండు చెక్‌ల మధ్య 20కి మించి తేడా వస్తే ఆ వైపు లైన్ల స్కోర్లు కొట్టేయండి.

కుంకుమపొడి
ఆయనతో మాట్లాడేటప్పుడు మీ తెగులు ఆయన చేలోకి పోకుండా ఏం చేస్తున్నారో కూడా చెప్పండి. చివరి స్కోరు రాయగానే ఇన్ఫెక్టర్ సాళ్లను కోసి అక్కడే దున్నేయండి, రాలిన గింజ మొలకలను కూడా ఉంచొద్దు.